ప్రజాధనముతో కొన్న యంత్రము ఎవరిది?

రోగి యొకచోట, యంత్రము వేఱొకచోట, పరిశోధింపగోరు వైద్యుడు మఱియొకచోట నున్నంతకాలము మన దేశమున వైద్యపరిశోధన వర్ధిల్లుచున్నదని చెప్పుకొనుట ఆత్మవంచనయే యగును. జిల్లా వైద్యకళాశాల ఆసుపత్రికి ప్రతిదినము వందలకొలది రోగులు వచ్చుచున్నారు. వారి రక్తమందలి రహస్యమును చదువు యంత్రము అచట లేదు. విశ్వవిద్యాలయమున యంత్రమున్నది; దాని యెదుట రోగియు లేడు, రోగి నెఱిగిన వైద్యుడును లేడు. ఈ యిరువురిని కలియనీయక వేఱుచేయుచున్నది ఒక్క తాళముచెవి.

ఫ్లో సైటోమీటరు అను యంత్రమును తీసికొనుడు. అది రక్తకణములను ఒక్కొక్కటిగా బారుతీర్చి, లేజరు కాంతి యెదుట నడిపించి, క్షణమునకు వేలకొలది కణముల లక్షణములను లెక్కగట్టును. రక్తపు కాన్సరు ఏ జాతిదో తెలుపుటకును, హెచ్.ఐ.వి. సోకినవాని దేహమున రక్షకకణములెన్ని మిగిలినవో లెక్కించుటకును, క్షయరోగి శరీరము వ్యాధితో నెట్లు పోరాడుచున్నదో పరిశీలించుటకును ఆ యంత్రమొక్కటే పనికివచ్చును. మాస్ స్పెక్ట్రోమీటరు అను మఱియొకటి, శిశువు మడమనుండి తీసి కాగితముపై ఆరబెట్టిన నెత్తుటిచుక్కయందు పుట్టుకతో వచ్చిన జీవక్రియాలోపములను పట్టగలదు. ఇట్టి యంత్రముల వెల లక్షలతో మొదలై కోట్లకు పోవును. ప్రతి శాఖయు ప్రతి యంత్రమును కొనజాలదు; కొన్న శాఖ తానొక్కతెయే దానిని దినమంతయు వాడుకొనజాలదు. కాబట్టి ఉమ్మడి ప్రయోగశాల తప్ప వేఱు మార్గము లేదు.

ఈ సత్యము ప్రభుత్వమునకు తెలియనిది కాదు. 1970ల దశకముననే కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ప్రాంతీయ పరికర కేంద్రములను నెలకొల్పెను. 2020 జనవరిలో ప్రధానమంత్రి బెంగుళూరున ఐ-స్టెమ్ పోర్టలును ప్రారంభించిరి. ఏ యంత్రము ఎక్కడ నున్నదో వెదకి, దానిపై సమయము కోరుకొనుటకు అది యేర్పడినది. 2022లో పరికరములను పంచుకొనుటకై శ్రీమాన్ అను పేర మార్గదర్శకములు వెలువడినవి. పట్టిక వచ్చినది, నియమము వచ్చినది; తలుపు తెఱచు మనసు రావలసియున్నది. పేరు పట్టికలో కెక్కించి, అడుగవచ్చినవానికి ఆపరేటరు సెలవుమీద నున్నాడని బదులు చెప్పుట పంచుకొనుట యగునా? గడ్డివాముకడ కుక్క తాను తినదు, ఆవును తిననీయదు.

పరుల చేయి తగిలిన సున్నితమైన యంత్రము చెడిపోవునని కొందఱు వాదింతురు. చెడిపోవుట నిజమే. కాని వాడక మూలనుంచిన యంత్రమునకు మాత్రము చిరాయువు కలదా? లేజరు ముదురును, పంపులు బిగుసుకొనును, కంపెనీవారి గడువు తీరును. యంత్రమును కాపాడునది తాళము గాదు, తర్ఫీదు పొందిన ఆపరేటరు. అతని గతి యేమి? యంత్రమునకు కోటి రూపాయలు. దానిని నడుపువానికి కాంట్రాక్టు జీతము! గ్రాంటు ముగియగానే అతని యుద్యోగమును ముగియును. అతనితో కూడ చేతిలోని విద్యయు వెడలిపోవును.

మేము కష్టపడి తెచ్చుకొన్న గ్రాంటులో పరులకు భాగమేల యని మఱికొందఱి ప్రశ్న. గ్రాంటు తెచ్చుట ప్రతిభయే. ఆ ప్రతిభకు మొదటి వాడుక హక్కునిత్తము. కాని మొదటి హక్కు వేఱు, ఏకైక హక్కు వేఱు. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము వెలసిననాడు మన పెద్దలు నేర్పిన పాఠమిదియే: బీరువాలో బంధింపబడిన పుస్తకము పుస్తకము కాదు. పఠనమందిరమున కూర్చుండి ఈ పత్రిక చదువుచున్న పాఠకునకు ఈ న్యాయమును వేఱుగ బోధింపనక్కఱలేదు.

ఇది జరుగని పని యనరాదు. 2020లో కోవిడ్ మహమ్మారి విరుచుకుపడినప్పుడు హైదరాబాదునందలి సి.సి.ఎం.బి. పరిశోధనాలయము ప్రజల నమూనాలను పరీక్షించెను. ఇతరులకు తర్ఫీదును నిచ్చెను. ఆపదలో తెఱువబడిన తలుపును ఆపద గడచినంతనే ఏల మూయవలెను? కాన్సరు, క్షయ నిత్యాపదలు కావా?

మా కోరిక స్పష్టము. బయటివారికి వారమున ఇన్ని గంటలని వ్రాసియీయనిదే ప్రభుత్వధనముతో పెద్ద యంత్రమును కొననీయరాదు. వాడుక పుస్తకమును ఏటేట ప్రకటింపవలెను. ఆపరేటరునకు స్థిరోద్యోగము నొసగవలెను. రసాయనములు, మరమ్మతులు ఉచితముగా రావు గనుక రుసుము ఉండవలసినదే. కాని ప్రభుత్వ వైద్యకళాశాల విద్యార్థికిని ఔషధ కంపెనీకిని ఒకే రుసుమనుట అన్యాయము. రక్తకణములు గంటలు గడచినకొలది నశించును గావున, జిల్లా ఆసుపత్రినుండి నమూనాను చల్లనిపెట్టెలో నాడే చేర్చు ఏర్పాటు కావలెను.

సబ్బుబిళ్ల కొన్న పేదరోగియు పన్ను చెల్లించియే యున్నాడు. ఆ సొమ్ముతో కొన్న యంత్రపు గదివాకిట అతని నెత్తుటిచుక్క అనుమతికై పడిగాపులు పడుట ఇకనైన మానవలెను.