మెట్లు దిగలేని పెద్దలు



మన చెన్నపట్టణములో త్యాగరాయనగరు, పశ్చిమ మాంబళం, కోడంబాక్కం ప్రాంతములందు నలుబది ఏండ్ల క్రిందట కట్టిన మూడంతస్తుల ఫ్లాట్లలో పెక్కింటికి లిఫ్టు లేదు. ఆనాడు నలుబదవ ఏట పై అంతస్తు కొన్నవారికి నేడు ఎనుబది నిండినవి. మెట్లు అవే, మోకాళ్ళు మాత్రము అవి కావు. వీరిలో పలువురు ఆసుపత్రికి పోవలసివచ్చిన నాడు తప్ప వీధి మొగము చూచుట లేదు. "పడితే లేవలేవు, ఇంటిపట్టున ఉండు నాన్నా" అని పిల్లలు అనుట ప్రేమచేతనే కావచ్చును. అయినను గుడికి, బంధువులింట పెండ్లికి పోలేని బ్రతుకు నిర్బంధము కాక మరేమి?

ఇది నాలుగిండ్ల గొడవ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారము దేశములో అరువది ఏండ్లు నిండినవారు నూటికి 8.6 కాగా, తమిళనాడులో 10.4. ఆ సంఖ్య ఇంకను పెరుగునదే గాని తగ్గునది కాదు.

స్వంత మేడలు గలవారికి స్టెయిర్‌లిఫ్టు అను మెట్లకుర్చీ ఒక మంచి ఉపాయము. మెట్ల ప్రక్కగా ఒక పట్టా బిగించి, దానిమీద మోటారుతో కుర్చీ నడిపింతురు. బ్యాటరీ ఉండుటచే కరెంటు పోయినను నడుమ నిలిచిపోదు. పని లేనప్పుడు మడిచి పెట్టవచ్చును. అమెరికాలో 1920 దశకముననే ఇట్టివి ఇండ్లలో అమర్చిరి. మనవారు మాత్రము దీనిని ధనికుల విలాసముగా తలచుచున్నారు. మేడమీద ఏ.సి. పెట్టించుటకు సందేహింపనివారు తల్లికి కుర్చీ అనగానే లెక్కలు వేయుట న్యాయమా?

అయితే కొనుటకు ముందు చూడవలసినవి కొన్ని కలవు. తిన్నని మెట్లకు ఖర్చు తక్కువ. మలుపులున్నచో పట్టాను కొలతకు చేయింపవలెను గనుక ఎక్కువ. జార్జిటౌనులోని పాత ఇండ్ల కొయ్యమెట్లు ఆ బరువు మోయునా లేదా అని ఇంజనీరుకు చూపవలెను. చక్రాల కుర్చీలో ఉండువారు ఇందులోనికి మారి కూర్చుండగలగాలి. క్రింద ఒకటి, పైన ఒకటి చక్రాల కుర్చీ ఉండవలెను. మతిమరుపు గలవారిని ఒంటరిగా ఎక్కింపరాదు.

ఫ్లాట్లలో చిక్కు వేరు. అక్కడి మెట్లు అందరివి, ఇరుకైనవి. నిప్పంటుకొన్న వేళ ప్రాణములు దక్కించుకొను దారి అదియే. అందుచేత అక్కడ మెట్లకుర్చీ కన్న కట్టడమునకు వెలుపల చిన్న లిఫ్టు నిర్మించుటయే మేలు. కాని సంఘపు సమావేశమున ఈ మాట ఎత్తగానే క్రింది అంతస్తువారు "మాకెందుకు?" అందురు. డాబా కారినప్పుడు మరమ్మతుకు క్రిందివారు కూడ చందా ఇచ్చుట లేదా? క్రిందివారికి తక్కువ, పైవారికి ఎక్కువగా వాటా వేసినచో తగవు తీరును.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, నియమములు వెలువడిన 5 సంవత్సరముల లోపల ప్రజోపయోగ కట్టడములన్నిటిని అందరికి అందుబాటు చేయవలెనన్నది. మెరీనాలో చక్రాల కుర్చీలు సముద్రము దాకా పోవుటకు 2022 నవంబరులో కొయ్యబాట వేసిరి. సంతోషమే. కాని ఇంటి మెట్లే దిగలేనివాడు మెరీనాకు పోవుటెట్లు? తల్లిదండ్రుల పోషణకై వచ్చిన 2007 చట్టము కూడు, గుడ్డ, నివాసము, వైద్యము పోషణలో చేరునన్నది. నివాసమనగా నాలుగు గోడలే కాదు, అందులోనుండి బయటికి వచ్చు దారియును.

కావున నగరపాలక సంస్థవారికి నా మనవి ఒక్కటే. పాత కట్టడమునకు లిఫ్టు చేర్చుటకు ఏ అనుమతి కావలెను, ఎంత స్థలము విడువవలెను, ఏ కార్యాలయమున అర్జీ పెట్టవలెను అను సంగతులు ఒక్క కాగితము మీద అచ్చువేయించి ప్రతి వార్డు కార్యాలయమున అంటింపవలెను. బ్యాంకులవారు ఈ పనికి తక్కువ వడ్డీకి అప్పులీయవలెను. ఫ్లాట్ల సంఘములవారు వచ్చే సర్వసభ్య సమావేశములోనే ఈ విషయము చర్చింపవలెను. తుంటి విరిగిన పిమ్మట ఆపరేషనుకు పోయు సొమ్ము, విరుగకముందే లిఫ్టుకు పెట్టుట వివేకము.

ఇట్లు,
ఒక పాఠకుడు
పశ్చిమ మాంబళం, చెన్నై