ఎండలోంచి నీడకు... రెండే అడుగులు!

పాప పుట్టినరోజు. కొత్త గౌను వేసి, జడలో కనకాంబరాలు పెట్టి, మిట్టమధ్యాహ్నం వాకిట్లో నిలబెడతాం. 'ఇటు చూడమ్మా... ఏదీ, నవ్వు' అంటాం. పాప కళ్లు చికిలిస్తుంది, నుదురు ముడేస్తుంది. ఫొటో చూస్తే కళ్లున్నచోట రెండు నల్లటి గుంటలు, ముక్కు కింద మీసంలా ఓ నీడ! 'ఫోన్ మంచిది కాదు' అని తేల్చేస్తాం. పాపం, ఫోన్ ఏం చేస్తుంది? చిక్కంతా నడినెత్తిన ఉన్న సూర్యుడితోనే.

ఆ సూర్యుడి గురించి శ్రీ సత్యసాయి జిల్లా నంబులపూలకుంట వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. వానకు కరవుగానీ ఎండకు కరవులేని నేల అది. అందుకే అక్కడ భారీ సౌర విద్యుత్ పార్కు వచ్చింది. 2016లోనే ఎన్టీపీసీ 250 మెగావాట్ల కేంద్రాన్ని సిద్ధం చేసింది. అయితే, సౌర పలకలకు పండగలాంటి ఎండ పసిముఖాలకు మాత్రం పరీక్షే. ఈ ఊరు భూమధ్యరేఖకు ఉత్తరంగా దాదాపు 14 డిగ్రీల మీద ఉంది. దాంతో ఏటా ఏప్రిల్ చివరి వారంలో ఒకసారి, ఆగస్టు మధ్యలో మరోసారి మధ్యాహ్నం వేళ సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వస్తాడు. ఆగస్టు 15న జెండా ఎగరేసి, మిఠాయిలు పంచి, ఆటలపోటీలు అయ్యాక ఎర్రటెండలో తీసే గ్రూప్ ఫొటోల్లో పిల్లలందరి కళ్లూ ఎందుకు మూతపడతాయో ఇప్పుడు అర్థమైంది కదా!

మరి దీనికి మందేమిటి? అదీ ఆ మండలంలోనే ఉంది.

మర్రి నేర్పే పాఠం

గూటిబైలులోని తిమ్మమ్మ మర్రిమాను గురించి తెలియనిదెవరికి? 19,107 చదరపు మీటర్లు... అంటే సుమారు నాలుగు ఎకరాల డెబ్బై సెంట్ల మేర పరచుకున్న నీడ. బెంగళూరుకు చెందిన పాత్రికేయుడు, ఫొటోగ్రాఫర్ రిగ్రెట్ అయ్యర్ చొరవతో 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కిన చెట్టు. పిల్లలు లేనివాళ్లు ఇక్కడ మొక్కుకుంటే సంతానం కలుగుతుందని నమ్మకం. మొక్కు తీర్చుకోవడానికి బిడ్డనెత్తుకుని వచ్చేవాళ్లు ఓ ఫొటో తీసుకోకుండా వెళ్తారా?

అయితే నీడలోనూ మూడు రకాలున్నాయి. మాను నడిమధ్యకు వెళ్తే వెలుతురు చాలదు. పైగా ఆకుల మీదుగా వచ్చే వెలుగు ముఖానికి పచ్చటి ఛాయ పులుముతుంది. ఆకులు పలచగా ఉన్నచోట నిలబెడితే బుగ్గల మీద రూపాయి బిళ్లల్లా తెల్లటి మచ్చలు పడతాయి. ఆ గుండ్రటి మచ్చలు సూర్యుడి ప్రతిబింబాలే. గ్రహణం రోజున అవే నెలవంకల్లా మారడం గమనించే ఉంటారు. ఈ రెండూ వద్దు. నీడ అంచు నుంచి రెండు మూడు అడుగులు లోపలికి వచ్చి, బిడ్డ ముఖం బయటి ఆకాశం వైపు ఉండేలా నిలబెట్టండి. అదీ అసలు చోటు.

ఎందుకంటే, ఆకాశంలో సూర్యుడు చిన్న బొట్టంత. అంత చిన్నచోటు నుంచి వచ్చే వెలుగుకు నీడలు కత్తితో గీసినట్టు పడతాయి. నీడ అంచున నిలబడినప్పుడు వెలుగు ఆకాశమంతటి నుంచీ వస్తుంది. ముఖాన్ని అన్ని వైపుల నుంచీ మెత్తగా తాకుతుంది. సరిగ్గా కుదిరిందో లేదో తెలియాలంటే బిడ్డ కళ్లలోకి చూడండి. నల్లగుడ్డులో తెల్లటి మెరుపు కనిపిస్తే చాలు, నొక్కేయండి. వెనకాల ఊడల చీకటి ఉంటుంది కాబట్టి ముఖం మరింత తేటగా తేలుతుంది. ఊడలు పట్టి ఊగించడం మాత్రం వద్దు సుమా!

గడపే స్టూడియో

మర్రిమాను అందరి ఇంటిముందూ ఉండదుగా! వేపచెట్టు, బడి వరండా, బస్‌షెల్టర్... ఏదైనా సరే. అన్నిటికన్నా సులువైనది మన ఇంటి గుమ్మం. గడప మీద కూర్చోవద్దని జేజి అంటుంది కదా, కెమెరా మాటా అదే. గడపకు ఒక అడుగు లోపల పీట వేసి, ముఖం వీధివైపు తిప్పి కూర్చోబెట్టండి. గదిలో లైటు ఆర్పేయండి. బల్బు పసుపు, పగటి వెలుతురు కలిస్తే చర్మం రంగు పాడవుతుంది. ఎండ నేరుగా పడని గుమ్మమైతేనే సుమా. ఉత్తరం కిటికీ మంచిదని ఫొటోగ్రాఫర్లు చెబుతుంటారు. నిజమే, కానీ మన దగ్గర మే నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరానికి ఒరుగుతాడు. ఆ నెలల్లో ఓసారి చూసుకోండి.

గుమ్మం దగ్గర ఒక చెంప మరీ నల్లబడితే? నాన్న తెల్లపంచె తెచ్చి ఆ పక్కన చాపి పట్టుకుంటే సరి. వెలుగు దానిమీద పడి చెంప మీదికి తిరిగొస్తుంది. థర్మాకోల్ షీటైనా పర్లేదు. ఇది చిన్న చిట్కా అనుకునేరు! సత్యజిత్ రే 'అపరాజితో' (1956)కు ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర కాశీలోని ఇంటి లోగిలిని స్టూడియోలో వేసినప్పుడు, తెల్లటి గుడ్డ కట్టి దానిమీద లైట్లు వేసి, తిరిగొచ్చిన వెలుతురుతోనే పగటిని పుట్టించారు.

నలుపును నలుపుగానే

తెల్లగోడ ముందు నిలబెడితే బిడ్డ మరీ నల్లగా వస్తుందని చాలామంది తల్లుల బాధ. అది బిడ్డ రంగు కాదు, కెమెరా లెక్క. మొత్తం దృశ్యాన్ని నడిమి వెలుగుకు తేవాలని చూస్తుంది కాబట్టి గోడ తెల్లదనాన్ని తగ్గించబోయి ముఖాన్నీ తగ్గించేస్తుంది. తెరమీద బిడ్డ ముఖాన్ని వేలితో తాకి, వెలుతురు గీతను కాస్త పైకి జరపండి. లేదంటే ముదురురంగు తలుపు ముందు నిలబెట్టండి. అంతేగానీ ముఖాన్ని తెల్లగా మార్చే 'బ్యూటీ' మీట జోలికి పోవద్దు. చామనఛాయ బిడ్డ తన ఫొటోలో పాలిపోయిన ముఖం చూసుకుని 'నేను ఇలా ఉంటేనే బాగుంటానన్నమాట' అనుకుంటే ఆ మచ్చ ఏ మీటతోనూ పోదు.

నవ్వమని అడక్కండి

పిల్లలు చెబితే నవ్వరు, పళ్లు చూపిస్తారు. చేతికి నాలుగు వేరుశెనక్కాయలు ఇవ్వండి. ఒలుచుకుంటూ ఉండగా మీరూ గొంతుకూర్చుని, వాళ్ల కళ్ల ఎత్తుకు కెమెరా దించండి. పైనుంచి తీస్తే తల పెద్దది, కాళ్లు పొట్టివి అవుతాయి. కదిలే పిల్లలకు షట్టర్ వేగం సెకనులో 250వ వంతైనా ఉంటే బొమ్మ చెదరదు. ఫోన్‌లో వరసగా పది తీసి, ఒకటి ఉంచుకోండి. అయిదు నిమిషాలకు మించి విసిగించొద్దు. ఆరుబయటే తీయాలనుకుంటే పొద్దున ఎండ ముదరకముందు, సాయంత్రం పొద్దుగుంకే ముందు గంట మేలు.

ఇంత శ్రమ ఎందుకంటారా? కదిరి ప్రాంతం నుంచి పనికోసం బెంగళూరు వెళ్లిన నాన్న రాత్రి ఫోన్ తెరిచి చూసుకునేది ఆ ముఖాన్నే. అందులో నల్లటి గుంటలు కాదు, కళ్లు కనిపించాలి. ఒకటి ప్రింటు వేయించి గోడకూ తగిలించండి. ఫోన్ పోయినా అది ఉంటుంది. ఎండ రేపూ కాస్తుంది. ముందుపళ్లు ఊడిన ఆ బోసినవ్వు మాత్రం ఈ ఏడాదే!