పాఠం యజమానికేనా?

చట్టం ఇద్దరిది. పాఠం మాత్రం ఒక్కరికే!

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 29 పాత కార్మిక చట్టాలు వాటిలో కలిసిపోయాయి. ఇప్పుడు వాటి మీద యజమానులకూ, హెచ్‌ఆర్ ఆఫీసర్లకూ శిక్షణ తరగతులు జరుగుతున్నాయి. ఫీజు కట్టి, ఏసీ హాల్లో కూర్చొని నేర్చుకుంటున్నారు. నేర్చుకోనీయండి. పాఠం విన్న యజమాని రేపు ‘నాకు తెల్వదు’ అనలేడు. మేము అడిగేది ఒక్కటే: ఆ హాలు ఊడ్చే అక్కకు ఆ పాఠం ఎవరు చెప్పాలె?

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ గల్లీలు చూడండి. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, మెస్సులు, దుకాణాలు. మన వాడల పిల్లలు గ్రూప్స్ పరీక్షల కోసం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసిందని, 23వ అధికరణం వెట్టిని నిషేధించిందని అక్కడ బట్టీ పడుతున్నారు. అదే బిల్డింగులో బాత్రూములు కడిగే తల్లికి జీతం చీటీ ఇస్తున్నారా అని అడిగేవాడు లేడు.

వేతనాల కోడ్ ఏమంటుంది? కనీస వేతనానికి తక్కువ ఇవ్వరాదు. నెల జీతం పై నెల 7వ తేదీలోగా ముట్టాలి. పని మానుకున్నా, తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. జీతం చీటీ ఇవ్వాలి. కాంట్రాక్టరు ఎగ్గొడితే అసలు యజమానే కట్టాలి. ‘వాడు నా మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి’ అనే మాట చెల్లదు.

యజమానుల తరగతిలో మొట్టమొదట చెప్పాల్సింది సెప్టిక్ ట్యాంకు సంగతి. 2013 చట్టం ప్రకారం రక్షణ సాధనాలు లేకుండా మనిషిని ట్యాంకులో దింపడం నేరం. నువ్వు దింపినా, ఇంకొకడితో దింపించినా నేరమే. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మురుగు కాల్వలో ప్రాణం పోతే 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. హాస్టల్ ట్యాంకు నిండితే ఏ కులపోణ్ణి పిలుస్తారో అందరికీ తెలుసు. ఆ చట్టం తెలిసినోళ్లు ఎందరు?

కనీస వేతనాల బిల్లును 1946లో సభలో పెట్టింది లేబర్ మెంబరుగా ఉన్న బాబాసాహెబ్ అంబేద్కర్. 1948లో అది చట్టమైంది. మనోడు పెట్టిన చట్టం గురించి మన వాడకే తెలియకుండా పోవాల్నా?

కొత్త కోడ్ లేబర్ ఇన్‌స్పెక్టరుకు ‘ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్’ అని పేరు మార్చింది. చట్టం ఎట్లా పాటించాలో యజమానులకూ కార్మికులకూ సలహా చెప్పడం ఆయన పని అని రాసింది. ఇద్దరికీ! కార్మిక శాఖ ఉన్న అంజయ్య కార్మిక సంక్షేమ భవన్ చిక్కడపల్లి పక్కనే, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఉంది. పాకీ పని, వంట పని, దుకాణం పని చేసేవాళ్లకు అక్కడ ఆదివారం పూట తెలుగులో, ఉర్దూలో ఉచితంగా తరగతి పెట్టాలని మేము డిమాండ్ చేస్తున్నాం.

ఊళ్లలోని కార్యకర్తలారా! సర్కారు పెట్టేదాకా ఆగొద్దు. పట్నం పనికి పోయే ప్రతి మనిషికీ మూడు ప్రశ్నలు నేర్పండి: అసలు యజమాని ఎవరు? జీతం ఎంత? చీటీ ఏది? జవాబులు నోటుబుక్కులో రాయించండి. రేపు లేబర్ ఆఫీసు మెట్లెక్కినప్పుడు ఆ నోటుబుక్కే మన సాక్ష్యం.

జై భీమ్!