జరిమానాతో డాక్టరు నిలుస్తాడా?



ఊళ్ళో జబ్బు ముదిరితే మనవాళ్ళు రైలెక్కి కామాటిపురాలోని మన ఖోలీకే వస్తారు. జె.జె., నాయర్ ఆస్పత్రులు దగ్గర్లో ఉన్నాయని వాళ్ళ నమ్మకం. ఊరి దగ్గర ఆరోగ్య కేంద్రం లేక కాదు. బోర్డు ఉంటుంది, కుర్చీ ఉంటుంది, అందులో డాక్టరు ఉండడు.

ఆ కుర్చీ నింపడానికి ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని మేము అనడం లేదు. సర్కారు కాలేజీలో ఎం.బి.బి.ఎస్. చదివినవారు ఏడాది ప్రభుత్వ సేవ చెయ్యాలి, లేదా 10 లక్షలు కట్టాలి అని మహారాష్ట్రలో చాలాకాలం బాండు రాయించుకున్నారు. ఉన్నవాడు కట్టి పోతాడు, లేనివాడు చిక్కుతాడు. 2019లో రాష్ట్ర మంత్రివర్గం మరో బిల్లుకు ఒప్పుకున్నది. గ్రామసేవకు సిద్ధపడేవారికి 10 శాతం ఎం.బి.బి.ఎస్. సీట్లు, మాట తప్పితే 5 ఏళ్ళ దాకా జైలు!

ప్రజల పన్నులతో చదివినవాడు ప్రజల రుణం తీర్చాలి. ఇందులో మాకు రెండో మాట లేదు. అయితే భయంతో వచ్చినవాడు గడువు తీరిన మర్నాడే పెట్టె సర్దుకుంటాడు.

ఈ సంగతి మనకంటే ఎవరికి బాగా తెలుసు? తెల్లవారకముందే మిల్లు గేటు దగ్గర బద్లీ కార్డు పట్టుకుని నిలబడ్డాం. ఈ రోజు పని ఉందా లేదా తెలియదు. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో బద్లీలను పర్మినెంటు చెయ్యాలన్నది కూడా మన డిమాండే. ఇవాళ ఆరోగ్య శాఖలో ఎందరో డాక్టర్లు, నర్సులు కాంట్రాక్టు మీద ఉన్నారు. తెల్లకోటు వేసుకున్నా వాళ్ళూ బద్లీలే!

1948 ఫ్యాక్టరీల చట్టం మనకు వారానికి 48 గంటలని రాసింది. పెద్దాస్పత్రిలో జూనియర్ డాక్టరు ఒక్కోసారి 36 గంటలు ఏకబిగిన నిలబడతాడు. క్యూలో విసిగిన మనం అతని మీదే కేకలు వేస్తాం. డాక్టర్లపై దాడి చేస్తే 3 ఏళ్ళ దాకా జైలని 2010లో రాష్ట్రం చట్టం చేసింది. మంచిదే. కానీ క్యూ తగ్గించేది జైలు కాదు, రెండో డాక్టరు.

కాబట్టి మా డిమాండు ఇది: ఖాళీలను పర్మినెంటు ఉద్యోగాలతో నింపాలి. ఊళ్ళో డాక్టరుకు క్వార్టర్సు, మందులు, తోడు నర్సు ఇవ్వాలి. పనిగంటలకు హద్దు ఉండాలి. ఇవి చట్టంలోనే రాయాలి.

ఓట్లకు చాళ్ళలోకి వచ్చే ప్రతి నాయకుణ్ణీ ఈ మాటే అడగండి. డాక్టరుతో మనకు తగువు లేదు. కుర్చీ ఖాళీగా ఉంచినవాళ్ళతోనే మన తగువు.