పూలదండలు, రాళ్లు

లుస్త్రలో పుట్టు కుంటివాడొకడు పౌలు మాటతో లేచి నడిచాడు. అంతే, జనం బర్నబాను ద్యుపతి అన్నారు, పౌలును హెర్మే అన్నారు. పూజారి ఎడ్లను, పూదండలను తెచ్చాడు. అపొస్తలులిద్దరూ బట్టలు చింపుకుని, తామూ మామూలు మనుషులమేనని మొరపెట్టారు. తర్వాత అంతియొకయ, ఈకొనియల నుంచి వచ్చినవారు ఎగదోస్తే పౌలును రాళ్లతో కొట్టి, చనిపోయాడనుకుని ఊరి బయటికి ఈడ్చేశారు (అపొ.కా. 14). అతను లేచి మళ్లీ ఆ ఊళ్లోకే వెళ్లాడు! దెర్బేకు వెళ్లినా లుస్త్రకు తిరిగొచ్చి శిష్యులను బలపరిచాడు. దండలు తనవి కావనుకున్నాడు కనుకే రాళ్లను పరువునష్టంగా లెక్కపెట్టుకోలేదు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సంఘాల్లోనూ దండలకు కొదవలేదు. సభల కరపత్రంలో పేరు కిందికి జరిగిందని ఆరాధన మానేసేవారున్నారు, సేవకులతో సహా. 1565లో తళ్లికోట ఓటమి తర్వాత విజయనగరానికి రాజధాని అయిన పెనుకొండలో బిరుదుల రాజులు పోయారు, గగన్ మహల్ మిగిలింది. ధర్మవరం పట్టుచీర కట్టుకున్నామెకు నేతగాని పేరే తెలియదు. అయినా అతను పోగు తప్పనివ్వడు.

కష్టం దగ్గర మన తీరు ఇంకా వింత. కరువు సీమ మనది. బోరులో నీళ్లు పడితే ఆ రైతు భక్తిపరుడు, ఎండితే ఏదో దాచిన పాపం ఉందని గుసగుస. యోబు స్నేహితులు అన్నదీ ఇదే, దేవుని కోపం వారిమీదే రగిలింది (యోబు 42:7). బోరెండిన ఆ ఇంటికి ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మనలో ఎవరు వెళ్తున్నారు? పౌలు లేచినప్పుడు శిష్యులు అతని చుట్టూ నిలబడి ఉన్నారని లూకా మరచిపోకుండా రాశాడు.