పాత లేతు కొనునపుడు

ఇంటి పనిశాలకై లోహమును తిప్పి చెక్కెడి పాత లేతు యంత్రమును కొనదలచితిరా? క్రొత్త రంగును జూచి మురియకుడు. అది రెండు దినముల పని. మేము ముందుగా జూచునది బెడ్డు. పని యంతయు చక్ చెంతనే జరుగుటచే బెడ్డు అచ్చటనే యెక్కువగా నరుగును. క్యారేజీని అచ్చట వదులు లేకుండ బిగించి, రెండవ కొసకు జరుపుడు. దారిలో బిగిసి నిలిచెనా, బెడ్డు అరిగినదే. దానిని మరల సానబట్టించు వ్యయము ఒక్కొక్కప్పుడు యంత్రము వెలనే మించును. కూడబెట్టిన సొమ్ము దానికే చాలదు. అడ్డుస్లైడు పిడిలో కొంచెము వదులున్నను బెదరనక్కరలేదు, నట్టు మార్చిన చాలును. మరలు కోయుటకు వలయు పండ్లచక్రము లన్నియు నున్నవో లేవో లెక్కింపుడు. మోటారు త్రీఫేజుదైనచో 230 వోల్టుల యింటి కరెంటుపై నేరుగా నడువదు. నడిపించి చూపుమని తప్పక యడుగుడు. అప్పుడు మాత్రము పమిటచెంగు దోపి, జడ ముడిచి, దూరముగా నిలువుడు. ఈ సంగతి అమ్మువారు చెప్పరు.