వెలుగు బేరం

తెలుగు చెప్పుకునే మేష్టారికి కెమెరా లైట్ల గొడవ యెందుకని మా ఆవిడ అడిగింది. మీరూ అడుగుతారు. అంచేత ముందే చెప్పేస్తాను.

మా అమ్మ పుట్టిల్లు దివిసీమలో, నాగాయలంక దగ్గర ఒక పల్లె. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన ఆ సీమలో వేలమందిని పొట్టన పెట్టుకున్నది. వాళ్ళలో మా అమ్మమ్మ ఒకతె. ఇల్లూ పోయింది, గోడకున్న ఒకే ఒక్క ఫోటో కూడా పోయింది. అమ్మ అప్పటికే బెజవాడ కాపరానికి వచ్చేసింది గనుక మిగిలింది. నేను పుట్టింది తరవాత. అమ్మమ్మ ముఖం యెలా వుండేదో నేనెరగను.

మొన్న సంక్రాంతి నాడు అమ్మ, "నాదన్నా ఒక మంచి ఫోటో తియ్యరా. ఆధార్ కార్డులో నన్ను చూస్తే నాకే జడుపు" అన్నది. స్టూడియో వద్దుట. పాత ఇల్లున్న చోట, చింతచెట్టు కింద తియ్యాలిట. అమ్మకు డెబ్భయ్యారేళ్ళు. వాయిదా వెయ్యదగిన కోరిక కాదు.

చెట్టు కిందనే వుంది తంటా అంతా. వెనక పొలాల మీద ఎండ ఫెళఫెళలాడుతూ వుంటుంది, ముందు మనిషి ముఖం నీడలో వుంటుంది. పొలానికి సరిపెడితే ముఖం నల్లబడుతుంది, ముఖానికి సరిపెడితే పొలం తెల్లకాగితమవుతుంది. కాబట్టి ముఖానికి కాస్త వెలుగు మనమే మోసుకెళ్ళాలి.

గవర్నరుపేటలో ఒక దుకాణానికి వెళ్ళి, బ్యాటరీతో వెలిగే అరవై వాట్ల ఎల్ఈడీ దీపం కొన్నాను. దుకాణంలో దాన్ని చూస్తే కళ్ళు జిగేలుమన్నాయి. గర్వంగా తీసుకుపోయి, స్టూడియో నడుపుతున్న నా పాత శిష్యుడికి చూపించాను. అతను మాట్లాడకుండా దాన్ని వీధిలోకి తెచ్చి, పట్టపగలు నా ముఖం మీద వెలిగించి ఆర్పి, రెండు ఫోటోలు తీశాడు. రెంటికీ తేడా వెతికిన వాడికి బహుమానం ఇవ్వవచ్చు.

"ఎండతో పోటీపడాలంటే ఫ్లాష్ కావాలి మేష్టారూ" అన్నాడు. ఎల్ఈడీ తన వెలుగంతా తీరిగ్గా ఖర్చు పెడుతుంది. ఫ్లాష్ కూడబెట్టి, సెకండులో వెయ్యోవంతులో ఒక్కసారి గుమ్మరిస్తుంది. మా వాళ్ళ పెళ్ళి ఖర్చుల్లాగా అన్నమాట. ఐఎస్ఓ 100 మీద, సెకండులో 200వ వంతు షట్టరుతో, నిండు ఎండకు ఎఫ్ 11 పెట్టాలి. మామూలు కెమెరాల్లో అంతకన్న షట్టరు వేగం పెంచితే ఫ్లాష్ వెలుగు ఫోటో అంతటా పడదు. హైస్పీడు సింకు అనే ఉపాయం వుంది గాని, అందులో ఫ్లాష్ బలం బాగా తగ్గిపోతుంది. తెల్ల గొడుగు అడ్డం పెడితే వెలుగు మెత్తబడుతుంది, కాని నాలుగోవంతే మిగలవచ్చు. మనిషికి దూరం రెండింతలు చేస్తే మళ్ళీ నాలుగోవంతే. అందుకని నాలుగు పెన్సిలు సెల్లుల ఫ్లాష్ అయితే మనిషి పక్కనే పెట్టాలి. కాస్త దూరం వుండాలంటే, సుమారు దానికి మూడింతలు బలముండే రెండువందల జౌళ్ళ బ్యాటరీ ఫ్లాష్ కావాలి. అదీ సుమారు కిలో బరువే, సంచిలో పడుతుంది. నన్ను కొనమనలేదు, తనదే ఎరువిచ్చాడు. మంచి శిష్యుడు.

తెల్లదుప్పటితో ఎండను తిప్పికొడితే చాలదా అనవచ్చు మీరు. కుర్రవాళ్ళకు చాలు. ముసలివాళ్ళ కళ్ళలోకి ఎండ తిప్పితే చిట్లిస్తారు.

ఒక ఆదివారం కరకట్ట మీదుగా బయల్దేరాం. నేను ఫ్లాష్ పట్టుకున్నాను. మా ఆవిడ పులిహోర డబ్బా పక్కన ఎల్ఈడీ కూడా సర్దింది, "డబ్బు పోసి కొన్నది ఇంట్లో యెందుకు?" అంటూ. చెట్టు దగ్గర స్టాండు నిలబెట్టి గొడుగు విప్పానో లేదో, సముద్రపు గాలి దాన్ని స్టాండుతో సహా కాలవ వైపు నడిపించింది. ఇసుక సంచి కట్టాలని పుస్తకాల్లో రాస్తారు. నేను గోనెసంచిలో చేనిమట్టి నింపి కట్టాను.

అన్నీ కుదిరాయి. ఫ్లాష్ వెలగ్గానే అమ్మ ఉలిక్కిపడి కళ్ళు మూసుకున్నది. శుక్లాల ఆపరేషను చేసిన కళ్ళు. పది తీశాను. పదింటిలోనూ అమ్మ పిడుగు కోసం యెదురుచూస్తున్నట్టే వుంది. ఆఖరికి, "నన్ను కాసేపు వూరికే కూర్చోనీరా" అన్నది.

కూర్చోనిచ్చాం. అమ్మ వంటిల్లు యెక్కడుండేదో, నుయ్యి యెక్కడుండేదో మా ఆవిడకు చూపిస్తూ కూర్చున్నది. పొద్దు కుంకింది. పొలాల మీద వెలుగు పలచబడి నీలంగా మారింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ వీధిలో ఓడిపోయిన ఎల్ఈడీ. పోటీకి ఇప్పుడు ఎండ లేదుగా! దాన్ని కొంచెం పసుపు వైపు తిప్పి, బాగా తగ్గించి, అమ్మకు బారెడు దూరంలో పెట్టాను. లాంతరు పెట్టారనుకున్నదేమో, ఉలకలేదు. మాట మధ్యలో ఒక్కసారి నావైపు తిరిగింది.

అదే తీశాను.

కెమెరా వెనక తెర మీద చూపిస్తే అమ్మ చాలాసేపు చూసుకున్నది. "మా అమ్మకి ఇన్ని ముడతలు పడే వయసు రాలేదురా. వచ్చుంటే ఇట్లాగే వుండేది" అన్నది.

కాసేపాగి, "రెండు తీయించు. ఒకటి ఇక్కడ మీ మావయ్య ఇంట్లో పెడదాం" అన్నది.

ఫ్లాష్ మర్నాడు శిష్యుడికి తిరిగి ఇచ్చేశాను. కాలవ నీళ్ళలో తడిసిన గొడుగు మాత్రం ఇంకా మా దండెం మీదే ఆరుతున్నది.